లహరికి, బేటన్ రూజ్‌లో ఇల్లు తీసుకునే ముందు

చి. లహరికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన అపార్ట్‌మెంట్ల ఫోటోలన్నీ అత్తయ్యా నేనూ కూర్చుని చూశాం. స్విమ్మింగ్ పూల్, జిమ్, తెల్లటి వంటగది, అన్నీ బాగున్నాయి. కానీ నేను వెతికింది ఏ ఫోటోలోనూ కనపడలేదు. ఆ బిల్డింగు ఉన్న నేల ఎంత ఎత్తు, గట్టి వాన పడితే నీళ్లు ఎటు పోతాయి, వాళ్లు సంతకం పెట్టమనే కాగితంలో ఏముంది? లూసియానాలో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు మిగతావాటికంటే ముందు చూసుకోవాల్సినవి ఈ రెండే, నీళ్లూ కాగితమూ. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. నీతో కలిసి ఉండబోయే ఆ ఇద్దరు అమ్మాయిలకూ చూపించు.

అన్నిటికన్నా ముందు, విజయవాడ నుంచి ఎవరికీ అడ్వాన్సు పంపొద్దు. ఆగస్టులో నువ్వు చేరబోయే ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) తెరిచే ముందు ఫేస్‌బుక్ గ్రూపుల్లో తక్కువ అద్దెకు మంచి ఫ్లాట్ అని పెట్టేవాళ్లు బయల్దేరతారు. ఫోటోలు వేరే ఎవరి ఇంటివో అయి ఉంటాయి. "నేనే ఓనర్ని, ఊళ్లో లేను, డబ్బు వేస్తే తాళం కొరియర్ చేస్తాను" అంటారు. ఆ మాట వినగానే వదిలేయాలి. నువ్వు వచ్చి పదీ పదిహేను రోజులు మా ఇంట్లో ఉండు. మా ప్రేరీవిల్ నుంచి యూనివర్సిటీకి రోజూ తిరగడం కష్టమే, ఐ-10 హైవే మీద సాయంత్రం ట్రాఫిక్ చూస్తే నీకే తెలుస్తుంది. అయినా ఇల్లు కళ్లారా చూసి, లోపల నిలబడి, తర్వాత సంతకం పెట్టడానికి ఆ పది రోజులూ చాలు. ఆ అమ్మాయిలు నీకంటే ముందే వస్తుంటే చెప్పు, నేను వెళ్లి వీడియో కాల్‌లో చూపిస్తాను.

ఇక నీళ్ల సంగతి. మీ అమ్మమ్మ 1977 దివిసీమ ఉప్పెన గురించి చెప్పడం నువ్వు విన్నావు కదా. ఎత్తు మీద ఉన్న ఇల్లు ఏది, పల్లంలో ఉన్న ఇల్లు ఏది అన్నది ఆ తరం వాళ్ల నోట ఇప్పటికీ ఆడుతూనే ఉంటుంది. ఇక్కడి మనుషులూ అంతే. 2005 కత్రినా, 2008 గుస్తావ్, 2016 వరద, 2021 ఐడా, ఇలా ఏళ్లను తుఫాన్లతో, వరదలతో గుర్తుపెట్టుకుంటారు. కత్రినా అప్పుడు న్యూ ఆర్లీన్స్ ఖాళీ అయి జనమంతా బేటన్ రూజ్‌కి వచ్చేశారు. అప్పట్లో మేముండే కాంప్లెక్సులో ఖాళీగా ఉన్న ఇళ్లన్నీ రాత్రికి రాత్రి నిండిపోయాయి. మా హాల్లో రెండు కుటుంబాలు చాలా రోజులు ఉన్నాయి.

బేటన్ రూజ్ వాళ్లను బాగా దెబ్బతీసింది మాత్రం తుఫాను కాదు. 2016 ఆగస్టులో పేరైనా పెట్టని ఒక వాన మూడు రోజులు కదలకుండా కురిసింది. కొన్ని చోట్ల రెండడుగుల పైన వర్షం పడింది. అమైట్, కొమైట్ నదులు పొంగి డెన్‌హమ్ స్ప్రింగ్స్ చాలా వరకు మునిగిపోయింది. మునిగిన ఇళ్లలో ఎన్నో ప్రభుత్వ మ్యాపుల్లో వరద ముప్పు ఎక్కువున్న జోన్‌లోవి కానే కావు. అందుకని మ్యాపు చూడు, కానీ మ్యాపు ఒక్కటే నమ్మకు. ఫెమా (విపత్తుల సమయంలో సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ల వరద మ్యాపు సైట్‌లో అడ్రసు కొడితే ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో వస్తుంది. "ఏఈ" అని వస్తే వరద ముప్పు ఎక్కువని, ఇంకో ఇల్లు చూసుకుందాం. "ఎక్స్" అని వస్తే ముప్పు తక్కువ, అంతేగానీ లేదని అర్థం కాదు.

కొత్తగా వచ్చినవాళ్లకు వింతగా తోచే సంగతి ఒకటుంది. మిసిసిపీ నది పక్కనే ఉంటే ప్రమాదం అనుకుంటారు. నది వేల ఏళ్లుగా ఒండ్రు పోసి పోసి తన ఒడ్డునే ఎత్తు చేసుకుంది. న్యూ ఆర్లీన్స్‌లో ఫ్రెంచ్ క్వార్టర్ అలా ఎత్తున ఉండబట్టే కత్రినా నీళ్లలో పెద్దగా మునగలేదు. నదికి దూరంగా, తర్వాతి కాలంలో చిత్తడి నేలలు ఎండగట్టి కట్టిన పేటలే మునిగాయి. బేటన్ రూజ్ పాత ఊరు కూడా గట్టు మీదే ఉంది. ఇక్కడ ఇళ్లలోకి నీళ్లు తెచ్చేవి చిన్న కాలువలు, బయూలు అనే మెల్లగా పారే వాగులు, నిండిపోయిన డ్రైనేజీలు. 2021 మే నెలలో ఒక్క రాత్రి కురిసిన వానకే యూనివర్సిటీకి దక్షిణాన అపార్ట్‌మెంట్ల దగ్గర కార్లు నీళ్లలో నిలబడ్డాయి. నువ్వు పంపిన వాటిలో రెండు ఆ వైపువే. బాగోలేవని కాదు, చూసి తీసుకోవాలి.

ఎలా చూడాలంటే, వాన పడిన మర్నాడు వెళ్లాలి. పార్కింగ్‌లో నీళ్లు నిలిచాయా, గోడ మీద అడుగున సన్నటి గోధుమరంగు గీత ఏమైనా ఉందా గమనించు. వరద వచ్చిన ఇంట్లో గోడకు బిగించిన పలకలను కింది నుంచి రెండు మూడు, నాలుగు అడుగుల వరకు కోసేసి కొత్తవి బిగిస్తారు. గోడ కింది సగం ఒక రకంగా, పై సగం ఒక రకంగా కనపడితే అడుగు. సింకు కింది తలుపు తెరిచి వాసన చూడు, బట్టల అలమర మూలలు చూడు. బయట ఏసీ యూనిట్లు దిమ్మెల మీద ఎత్తుగా పెట్టారా చూడు. ఆఫీసులో ఉన్న అమ్మాయిని "ఈ ఫ్లాట్‌లోకి ఎప్పుడైనా నీళ్లు వచ్చాయా" అని ఈమెయిల్‌లోనే అడుగు, జవాబు రాతలో ఉండాలి. అసలు సమాధానం మాత్రం కుక్కను తిప్పుతూ కనపడే పక్కింటి పెద్దావిడ చెబుతుంది. "2016లో ఇక్కడ నీళ్లు వచ్చాయా అమ్మా" అని అడిగితే ఎంతవరకు వచ్చాయో చెయ్యి పెట్టి చూపిస్తారు. ఇక్కడి వాళ్లకు ఆ ప్రశ్న తప్పుగా అనిపించదు.

నా సలహా, పై అంతస్తు తీసుకో. ఇక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటే మన గ్రౌండ్ ఫ్లోర్, కాబట్టి సెకండ్ ఫ్లోర్ అని అడగాలి. సామాను మోయడం కష్టమని, అద్దె కాస్త ఎక్కువని కిందకు దిగొద్దు. ఎందుకో చెబుతాను. రెంటర్స్ ఇన్సూరెన్స్ అని ఒకటి ఎలాగూ తీసుకోమంటారు. దొంగతనం, మంటలు, పైప్ పగలడం దాంట్లోకి వస్తాయి గానీ వరద మామూలుగా రాదు. వరదకు జాతీయ వరద బీమా విడిగా తీసుకోవాలి. అద్దెకున్నవాళ్లు సామాను వరకే తీసుకోవచ్చు, లక్ష డాలర్ల దాకా ఇస్తారు. కానీ డబ్బు కట్టిన 30 రోజులకు గానీ అమలులోకి రాదు. తుఫాను సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు, అందులో ఉద్ధృతి సెప్టెంబర్ మొదట్లో. నువ్వు ఆగస్టు మధ్యలో దిగి మర్నాడే కట్టినా ఆ ఉద్ధృతి నాటికి నీ పాలసీ నిద్రలేవదు. గల్ఫ్‌లో తుఫాను కనపడ్డాక కొంటే అసలుకే పనికి రాదు.

ఇంకొక సంగతి మన పిల్లలు చాలామందికి తెలియదు. వరద తర్వాత ఫెమా ఇచ్చే నగదు సాయం సిటిజన్లకూ గ్రీన్ కార్డు వంటివి ఉన్నవాళ్లకే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న నీకు రాదు, హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకూ రాదు. షెల్టరు, భోజనం, నీళ్లు అందరికీ ఇస్తారు. లాప్‌టాప్, మంచం, బట్టలు పోతే మాత్రం నీకు నువ్వే దిక్కు. అందుకే పై అంతస్తు మీద ఇంత పట్టుబడుతున్నాను. కారు కొన్నాక దానికి "కాంప్రిహెన్సివ్" కూడా కట్టించుకో, నీళ్లలో మునిగిన కారుకు డబ్బు వచ్చేది దానివల్లే. లూసియానాలో కారు ఇన్సూరెన్స్ దేశంలోనే బాగా ఎక్కువ ఉన్న చోట్లలో ఒకటి, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కార్పెట్ ఎత్తి చూడాలి, మునిగిన కార్లను కడిగి అమ్మేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు కాగితం. ఈ రాష్ట్రం మొదట ఫ్రెంచివాళ్లది, తర్వాత స్పెయిన్‌ది, మళ్లీ ఫ్రాన్స్‌ది, 1803లో అమెరికా కొనుక్కుంది. మిగతా రాష్ట్రాలన్నీ ఇంగ్లిష్ వాళ్ల చట్ట పద్ధతి మీద నడుస్తుంటే, ఇక్కడ ఆస్తులు, ఒప్పందాల విషయంలో ఫ్రెంచి, స్పానిష్ మూలాల సివిల్ కోడ్ నడుస్తుంది. మన జిల్లాల్లాంటి కౌంటీలు కూడా ఉండవు, వాటి బదులు 64 పారిష్‌లుంటాయి. నువ్వుండబోయేది ఈస్ట్ బేటన్ రూజ్ పారిష్. కాబట్టి డల్లాస్‌లో ఉన్న అన్నయ్య, న్యూజెర్సీలో ఉన్న స్నేహితురాలు "మా దగ్గర చట్టం ఇలా ఉంది" అని చెప్పింది ఇక్కడ పనికొస్తుందనుకోకు. ఇక్కడ లీజులో ఏం రాసుకున్నారో దానికి చాలా బలం ఉంది. అద్దెకున్నవాళ్లకు చట్టం ఇచ్చిన రక్షణల్లో కొన్నింటిని లీజులో ఒక్క వాక్యంతో తీసేయొచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాను. అద్దె కట్టకపోతే ఖాళీ చేయించడానికి కోర్టుకు వెళ్లే ముందు ఓనరు అయిదు రోజుల నోటీసు ఇవ్వాలి. అది చట్టం. కానీ "నోటీసు అక్కర్లేదని అద్దెకున్నవారు ఒప్పుకుంటున్నారు" అని లీజులో రాసి ఉంటే, నువ్వు సంతకం పెట్టి ఉంటే, ఆ అయిదు రోజులూ పోయినట్టే. చాలా లీజుల్లో ఈ వాక్యం ఉంటుంది. కోర్టులో కూడా ఇక్కడ పని చాలా త్వరగా అయిపోతుంది. అద్దె ఏ తేదీకి కట్టాలో ఆ తేదీకి పడిపోవాలి. మన బ్యాంకు నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే ముందే ఆఫీసుకు రాసిపెట్టు. ఒకసారి ఎవిక్షన్ కేసు పేరు మీద పడిందంటే తర్వాత ఏ కాంప్లెక్సువాళ్లూ ఇల్లివ్వడానికి ముందుకు రారు. అంతమాత్రాన కోర్టు లేకుండా వచ్చి తాళం మార్చేసే హక్కు మాత్రం ఓనరుకు లేదు. ఎవరైనా అలా బెదిరిస్తే భయపడి సామాను సర్దకు, నాకు ఫోన్ చెయ్యి.

ఇంకో వాక్యం కోసం కూడా వెతుకు, "ఇన్ సాలిడో" అని ఉంటుంది. ముగ్గురు కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, ముగ్గురిలో ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులే. ఒకమ్మాయికి వేరే యూనివర్సిటీకి బదిలీ అయ్యిందనుకో, ఆమె వాటా ఆమే కడుతుందిలే అనుకుంటారు. ఓనరు దృష్టిలో అది మీ ఇద్దరి అప్పు. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద కాంప్లెక్సుల్లో "బెడ్ లెక్కన" లీజు ఇస్తారు. నీ గది, నీ అద్దె, నీ సంతకం, పక్కగది ఖాళీ అయితే వాళ్లే చూసుకుంటారు. అద్దె కాస్త ఎక్కువైనా మొదటి ఏడాది, ఒకరికొకరు ఇంకా సరిగ్గా తెలియని ముగ్గురు అమ్మాయిలకు, నా మనసుకు అదే మంచిదనిపిస్తోంది. స్నేహం కూడా నిలబడుతుంది. ఒకే లీజు తీసుకోవాల్సి వస్తే, మీ ముగ్గురూ ఎవరు ఎంత, మధ్యలో వెళ్లేవాళ్లు ఏం చేయాలి అని ఒక కాగితం మీద రాసుకోండి. అమ్మానాన్నలకూ పంపండి.

లీజు అయిపోయే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో చూసి ఫోన్ క్యాలెండర్లో పెట్టుకో. చాలాచోట్ల 60 రోజులు ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే లీజు తనంతట తనే పొడిగించినట్టు లెక్క వేస్తారు. వేరేవాళ్లకు సబ్‌లీజు ఇచ్చుకోవడం చట్ట ప్రకారం కుదురుతుంది గానీ, లీజులో వద్దని రాస్తే కుదరదు. దాదాపు అన్నిట్లోనూ వద్దనే రాస్తారు. వేసవికి ఇండియా వచ్చే ఆలోచన ఉంటే ఇది ముందే చూసుకోవాలి.

అడ్వాన్సు విషయంలో చట్టం నీ వైపే గట్టిగా ఉంది. ఎంత తీసుకోవాలన్న పరిమితి లేదు, కానీ లీజు ముగిసిన నెలలోపు తిరిగి ఇవ్వాలి. కోసుకుంటే దేనికెంత కోసుకున్నారో లెక్క రాసి పంపాలి. కావాలని ఎగ్గొడితే, అన్యాయంగా ఉంచుకున్న సొమ్ముతో పాటు 300 డాలర్లు గానీ, ఆ సొమ్ముకు రెండింతలు గానీ, ఏది ఎక్కువైతే అది అదనంగా కట్టాల్సి వస్తుంది. ఈ హక్కును లీజులో రాసి తీసేసినా చెల్లదు. అయితే నువ్వు చేయాల్సినవి కూడా ఉన్నాయి. లీజు గడువు ముగిసేదాకా ఉండాలి, మధ్యలో చెప్పకుండా వెళ్లిపోతే ఈ రక్షణ ఉండదు. ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసు రాసి ఇవ్వాలి. మాకు తెలిసిన కుర్రాడొకడు కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చి అడ్రసు ఇవ్వకుండా వెళ్లాడు, మూడు నెలలు అతని చెక్కు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. మా ఇంటి అడ్రసు ఇచ్చేయ్, నేను తీసుకుంటాను. దిగిన రోజునే ప్రతి గదినీ, ప్రతి గీతనూ, స్టవ్ లోపలనూ వీడియో తీసి ఆఫీసుకు ఈమెయిల్ చెయ్యి. తేదీ ఉన్న ఆ ఈమెయిలే ఏడాది తర్వాత నీ తరఫున మాట్లాడుతుంది.

రిపేర్లు ఎప్పుడూ రాసి అడగాలి. పోర్టల్లో పెట్టు, ఈమెయిల్ కూడా చెయ్యి. అవసరమైన రిపేరు రాసి అడిగినా తగినంత సమయంలో చేయకపోతే, నువ్వే న్యాయమైన ఖర్చుతో చేయించుకుని అద్దెలో తగ్గించుకునే వీలు ఇక్కడి కోడ్‌లో ఉంది. కానీ అది జాగ్రత్తగా వాడాల్సిన హక్కు. అద్దె తక్కువ కట్టావని అవతలివాళ్లు కోర్టుకు వెళ్లొచ్చు. నాతో మాట్లాడకుండా ఒక్క డాలరు కూడా తగ్గించకు.

సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని, క్రెడిట్ లేదని కొందరు కాదంటారు. అధైర్యపడకు. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అడ్మిషన్ కాగితం, స్టైపెండ్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. గ్యారంటరు కావాలంటే నేను సంతకం పెడతాను. దరఖాస్తు ఫీజు తిరిగి రాదు, కాబట్టి అయిదారు చోట్ల కట్టకు. కరెంటు ఎంటర్జీ కంపెనీది, కొత్త కనెక్షనుకు వాళ్లూ డిపాజిట్ అడగొచ్చు.

ఇక్కడి ఉక్క నీకు కొత్త కాదు, విజయవాడ పిల్లవి. కానీ తలుపులు తీసి గాలి ఆడనిచ్చే ఇళ్లు కావివి. మూసిన ఇంట్లో ఆ తేమ ఎటూ పోలేక గోడలకు, చెప్పులకు, సూట్‌కేసులకు బూజై పడుతుంది. క్లాసుకు వెళ్తూ కరెంటు ఆదా అని ఏసీ పూర్తిగా ఆపేయకు, 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి వెళ్లు. స్నానం చేశాక ఫ్యాను అరగంట తిరగనివ్వు. ఉతికిన బట్టలు గదిలో ఆరేయొద్దు, డ్రయర్‌లో వెయ్యి. ఏసీ ఫిల్టరు ఎవరు మార్చాలో లీజులో చూడు. మే నెలలో సాయంత్రాలు లైట్ల చుట్టూ ఉసిళ్లు ముసురుకుంటాయి. మన తొలకరి ఉసిళ్లలాగే ఉంటాయి గానీ ఇవి ఫార్మోసా చెదలు, ఇళ్లకు ఇళ్లే తినేస్తాయి. అవి ఎగిరే రాత్రుళ్లు బయటి లైట్లు, కిటికీ దగ్గరి లైట్లు ఆపేస్తారు. పొద్దున లేచేసరికి కిటికీ గూట్లో రెక్కలు రాలి కనపడితే ఫోటో తీసి ఆఫీసుకు పంపాలి.

వంటగది గురించి అత్తయ్య చెప్పమన్నవి ఇవి. స్టవ్ పైన ఉన్న ఫ్యాను చాలాచోట్ల గాలిని బయటికి పంపదు, అక్కడికక్కడే తిప్పుతుంది. కాబట్టి ఇల్లు చూసేటప్పుడే ఆన్ చేసి పొగ ఎటు పోతుందో అడుగు. పోపు మూత పెట్టి వెయ్యి. స్మోక్ అలారం కూస్తోందని బ్యాటరీ తీసేయడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, ప్రాణాల మాట అది, పైగా లీజు ఉల్లంఘన కూడా. పసుపు తెల్ల గట్టు మీద పడితే వెంటనే తుడవాలి, ఆ మరక అడ్వాన్సులోంచి పోతుంది. అన్నం, కరివేపాకు, నూనె సింకులో పోయకు. బాత్రూములో టబ్బు బయట నేలకు నీళ్లు పోయే దారి ఉండదు, బకెట్ పెట్టుకుని చెంబుతో పోసుకుంటే కిందింటి వాళ్ల కప్పు నానిపోతుంది. దేవుడి దగ్గర దీపం వెలిగించి గది విడిచి వెళ్లొద్దు.

ఏ పేట మంచిది అని అడిగావు. నికల్సన్, బర్‌బ్యాంక్, బ్రైట్‌సైడ్ వైపు విద్యార్థులు ఎక్కువ, యూనివర్సిటీ బస్సు తిరుగుతుంది. కారు లేని మొదటి సెమిస్టరు నీకు బస్సు స్టాపే ముఖ్యం. ఇంటి నుంచి స్టాపు దాకా ఈ ఎండలో, చీకటి పడ్డాక నువ్వే నడిచి చూడాలి. ఫలానా పేట మొత్తం మంచిది కాదు అని ఎవరో అంటే ఆ మాట మీద నిర్ణయం తీసుకోకు. ఇక్కడ వీధికీ వీధికీ తేడా ఉంటుంది. పగలోసారి, రాత్రోసారి వెళ్లి చూద్దాం. టైగర్‌ల్యాండ్‌లో బార్లు ఎక్కువ, రాత్రి గోల ఉంటుంది, చదువుకునే నీకు అది వద్దు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారాలు ఊరు ఊరంతా స్టేడియం చుట్టూ చేరుతుంది. లక్షమందికి పైగా పడతారు అందులో. ఆ రోజు కారు ఎక్కడ పడితే అక్కడ పెడితే లాక్కెళ్లిపోతారు, కూరగాయలు ముందు రోజే తెచ్చుకోవాలి. కుదిరితే ఒక్కసారైనా ఆ గుంపులో నడిచి రా. ముక్కూ మొహం తెలియని వాళ్లు పిలిచి ప్లేట్లో అన్నం పెట్టి ఇస్తారు.

ఈ రాష్ట్రంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ మనుషులే. కొత్తవాళ్లను చూస్తే పలకరించకుండా పోరు. పెద్దవాళ్లను పేరు ముందు "మిస్", "మిస్టర్" పెట్టి పిలవాలి, "యెస్ మేమ్" అనాలి. మన ఇళ్లలో అత్తయ్యగారూ బాబాయిగారూ అన్నట్టే, అలా పిలిస్తే సంతోషిస్తారు. దిగిన వారంలోనే పక్కింటివాళ్ల తలుపు తట్టి పేరు చెప్పుకో. తుఫాను రాత్రి నీ దగ్గరికి ముందుగా వచ్చేది వాళ్లే. తిండి విషయంలో నువ్వు బెంగపెట్టుకోనక్కర్లేదు, వీళ్లూ అన్నం తినే జనమే. క్రౌలీ వైపు వరి పొలాలు చూస్తే కృష్ణా డెల్టా గుర్తొస్తుంది. వరి కోశాక అదే మడిలో నీళ్లు పెట్టి క్రాఫిష్ (రొయ్యల్లాంటివి) పెంచుతారు. బెండకాయ ఊరంతా దొరుకుతుంది, గంబో అనే ఇక్కడి పులుసులో వేస్తారు. మిర్లిటన్ అని అమ్మేది మన బెంగుళూరు వంకాయే, పప్పులో బాగుంటుంది. నువ్వు మాంసం తినవు కాబట్టి ఒక్క జాగ్రత్త. సోమవారాలు వండే రెడ్ బీన్స్ మన రాజ్మాలా కనపడుతుంది గానీ అందులో పంది మాంసం వేస్తారు. ఆకుకూరలోనూ వేస్తారు. అడిగి తిను, అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. వసంతంలో కాంప్లెక్సు వాళ్లంతా కలిసి క్రాఫిష్ ఉడకబెడతారు, నువ్వు మొక్కజొన్న పొత్తులు తిందామన్నా అవీ అదే గంగాళంలో ఉడికినవే. అయినా వెళ్లి కూర్చో, ఏదో ఒకటి పట్టుకెళ్లు. నిరుడు అత్తయ్య చేసిన పులిహోర ముందు అయిపోయింది.

తుఫాను వస్తే ఏం చేయాలో దిగిన వారంలోనే అనుకుందాం. పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు, లీజు కాపీ, ఇన్సూరెన్స్ కాగితం నీళ్లు దూరని ఒక సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచు. మనిషికి రోజుకు ఒక గ్యాలను చొప్పున కనీసం మూడు రోజుల నీళ్లు, అటుకులు, మరమరాలు, మందులు పెట్టుకో. సీజన్లో కారు ట్యాంకు సగానికి తగ్గనివ్వొద్దు. బేటన్ రూజ్‌కు సముద్రపు ఉప్పెన రాదు. చెట్లు కూలడం, రోజుల తరబడి కరెంటు పోవడం ఇక్కడి బాధ. ఐడా అప్పుడు న్యూ ఆర్లీన్స్‌కు కరెంటు తెచ్చే ఎనిమిది పెద్ద లైన్లూ ఒకేసారి తెగిపోయాయి. కరెంటు లేనప్పుడు ఎవరైనా జనరేటరు వరండాలోనో గ్యారేజీలోనో పెడితే అక్కడ ఉండకు. 2020లో లారా తుఫాను వచ్చినప్పుడు ఆ పొగకు ఊపిరాడక ఎంతోమంది పోయారు. వెళ్లిపొమ్మని చెబితే ఆలోచించకుండా బయల్దేరాలి. హ్యూస్టన్ మామూలు రోజుల్లో నాలుగు నాలుగున్నర గంటలే, కానీ అటు వెళ్లే దారిలో అచాఫలాయా చిత్తడి మీద 18 మైళ్ల వంతెన ఉంది, ఆలస్యమైతే గంటలకొద్దీ దాని మీదే చిక్కుకుపోతావు. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పాడైతే అద్దె తగ్గించమని, మరీ ఎక్కువైతే లీజు రద్దు చేయమని అడిగే హక్కు ఇక్కడి కోడ్‌లో ఉంది. కోపంలో అద్దె ఆపేయకుండా, ఫోటోలతో రాసి అడగాలి.

మొదటి ఏడాదే న్యూ ఆర్లీన్స్‌లో ఇంటర్న్‌షిప్ వస్తే అక్కడి ఇళ్ల గురించి విడిగా రాస్తాను. ఇప్పటికి ఒక్కటి చాలు. పాత షాట్‌గన్ ఇళ్లలో గదులన్నీ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, నడవా ఉండదు. వెనక గది వాళ్లు నీ గదిలోంచే వెళ్లాలి. స్నేహితులతో పంచుకోవడానికి అవి కుదరవు. మార్డి గ్రా పండగ ఊరేగింపులు వెళ్లే వీధిలో ఇల్లైతే ఆ రోజుల్లో కారు ముందే తీసేయాలి. గట్టి వాన హెచ్చరిక వచ్చిందంటే జనమంతా కార్లను రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండే గట్టు మీదకు ఎక్కించేస్తారు, నువ్వూ ఎక్కించెయ్.

టికెట్టు న్యూ ఆర్లీన్స్‌కు తీసుకో, బేటన్ రూజ్‌కు తీసుకుంటే ధర ఎక్కువ, ఫ్లైట్లు తక్కువ. పగలు దిగేలా చూడు, మధ్యాహ్నం వానలు ఎక్కువ కాబట్టి పొద్దున అయితే మరీ మంచిది. నేనూ అత్తయ్యా ఎయిర్‌పోర్టుకు వస్తాం. గిన్నెలు మోసుకురావద్దు, మా దగ్గర రెండు కుక్కర్లున్నాయి. గొడుగు ఒకటి, త్వరగా ఆరే బట్టలు నాలుగు జతలు పెట్టుకో. ఆ మూడు అపార్ట్‌మెంట్ల అడ్రసులు, ఫ్లాటు ఏ అంతస్తులో ఉందో, లీజు నమూనా పీడీఎఫ్ వాళ్లను అడిగి ఈ వారంలో నాకు పంపు. ఇవ్వనంటే ఆ ఇంటిని జాబితాలోంచి తీసేద్దాం. శనివారం నేను వెళ్లి చూసి వస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య